ఐదు రోజుల అమ్మవారు

ఆ సోమవారం పొద్దున నేను లేచేసరికి మా అత్త పుల్లమ్మ బోరింగు దగ్గర కూర్చుని అంట్లు తోముతోంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి పందొమ్మిదేళ్లయింది. ఇన్నేళ్లలో ఆమె చేతికి గిన్నెల మసి అంటడం నేను చూడలేదు. గబగబా వెళ్లి చేతిలో పీచు లాక్కోబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. "లోపలికి పో బిడ్డా. పూజారి జంపయ్య చెప్పిండు కద, ఐదు దినాలు నువ్వేం ముట్టొద్దు" అంది. బిడ్డా అంది! ఆదివారం దాకా నేను "ఓ శ్యామలా"ను, కోపం వస్తే "మందులదాన్ని".

ఇంకో వింత కూడా ఆ పొద్దున్నే చూశాను. మా ఆయన రమణ టీ పెట్టి స్టీలు గ్లాసులో పోసి రెండు చేతులతో తెచ్చి ఇచ్చాడు. "తాగు" అన్నాడు. అని, ఏదో తప్పు మాట జారినట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకొంచెం ఉంటే "తాగండి" అనేవాడే. టీలో చక్కెర ఎక్కువైంది, ఆకు మాడింది. అయినా చివరి గుక్క దాకా తాగాను. సిగ్గు లేకుండా తాగాను.

నా మీదికి ముత్యాలమ్మ వచ్చిందని మా ఇంట్లో వాళ్లూ ఊళ్లో వాళ్లూ నమ్మారు. రాలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఆ గ్లాసు అందుకున్నాను. జరిగింది చెప్పడానికి నాకు మొహం చెల్లడం లేదు గానీ, చెప్పకపోతే ఇంకా అన్యాయం.

పర్ణశాలకు ఆరు కిలోమీటర్ల ఇవతల, అడవి మొదలయ్యే చోట మా ఊరు. నేను పద్నాలుగేళ్లుగా ఆశా వర్కర్ని. ఊరితో పాటు అవతలి తండా, గుట్ట కింది గూడెం కూడా నావే. జ్వరాలు చూడాలి, గర్భిణులను దవాఖానాకు తీసుకుపోవాలి, పిల్లలకు టీకాలు వేయించాలి. దీన్ని ఉద్యోగం అనరు, సేవ అంటారు. సేవకు సెలవుండదు. రమణ ఆటో నడుపుతాడు, భద్రాచలం నుంచి భక్తులను పర్ణశాలకు తెస్తాడు. సాయంత్రం ఇంటికి వచ్చి మంచం మీద వాలి "అలసిపోయిన" అంటాడు. ఒకసారి నేను కూడా ఆ మాట అన్నాను, పన్నెండు కిలోమీటర్లు నడిచి వచ్చిన రోజు. "నువ్వేం జేసినవే? ఇంత మంది ఇండ్లల్ల ముచ్చట పెట్టి వచ్చినవ్" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. ఆయనకు గుర్తుండి ఉండదు.

మూడేళ్ల కిందట, జ్వరాల సర్వే ఎక్కించడానికి సిగ్నల్ కోసం గుట్టెక్కి కూర్చున్నాను. సిగ్నల్ రాగానే ఫోన్ ఏదో వీడియో దానంతట అది మొదలుపెట్టింది. పెద్ద మోత. ఆపేద్దామని వేలు పెట్టాను. పెట్టిన వేలు అక్కడే ఆగిపోయింది. ఎవరో అమ్మాయి పాడుతోంది. పాడుతోందనడం కూడా తప్పే, గొంతు చించుకుంటోంది. నేను పెళ్లయినప్పటి నుంచి గొంతులో దాచి పెట్టుకున్న కేకను ఎవరో నా ఫోన్లోంచి నాకే వినిపిస్తున్నారు! ఆ బ్యాండు పేరు రాళ్లవాన. బొగ్గు బాయిలో, అంటే గనిలో, పని చేసే కుటుంబాల పిల్లలు. పాడే అమ్మాయి వనజ, డ్రమ్స్ కొట్టే అబ్బాయి దేవ్లా. నాకు రాక్ అంటే ఏమిటో తెలియదు, గిటార్లలో రకాలు తెలియవు. కానీ ఆ రోజు నుంచి తండాకు నడిచే దారంతా చెవిలో వాళ్లే. వాళ్ల పాటల్లో 'మూడో షిఫ్టు' అని ఒకటి ఉంది. బాయి పనికి పోయే మొగుడి డ్యూటీ సైరన్‌తో మొదలై సైరన్‌తో ముగుస్తుంది, ఇంట్లో ఆమె షిఫ్టుకు సైరనే లేదు, ఎప్పుడు దిగాలి అని అడుగుతుంది. ఆ పాట నాకు ఎన్నిసార్లు విన్నా తనివి తీరలేదు.

వాళ్లు ఖమ్మం వస్తున్నారని తెలిసినప్పుడు నోరు విడిచి అడిగాను కూడా. అన్నం వడ్డిస్తూ, పాల ప్యాకెట్ సంగతి చెప్పినట్టు అడిగాను. "ఖమ్మంల పాటల ప్రోగ్రాం ఉందట, పోదామా?" రమణ ముద్ద నోట్లో పెట్టుకునే నవ్వాడు. "ఏం పాటలే? గా మొత్తుకునేటోళ్లవా? నలభై దగ్గరికొచ్చినవ్. గుడి కాడ భజన ఉంటది, పో." అత్త కూడా నవ్వింది. నేను కూడా నవ్వాను. అదే నాకు ఇప్పటికీ మంట. నన్ను వెక్కిరిస్తే వాళ్లతో కలిసి నవ్వడం నాకు ఎవరు నేర్పారో తెలియదు గానీ బాగా నేర్చుకున్నాను.

అదృష్టమో, దురదృష్టమో, వాళ్లు పాడే శనివారమే ఖమ్మంలో మాకు ట్రైనింగు పడింది. ఒక రోజు ట్రైనింగు. ఇంట్లో రెండు రోజులని చెప్పాను. వంట చేసి, రెండో రోజుకు పచ్చడి నూరి పెట్టి, అత్త మాత్రలు పొట్లాలు కట్టి, బట్టలు మడత పెట్టి మరీ చెప్పాను. అబద్ధం ఆడేటప్పుడు ఇంటి పని రెండింతలు చేస్తామేమో ఆడవాళ్లం.

సాయంత్రం ప్రోగ్రాం జరిగే కాలేజీ గ్రౌండు గేటు దగ్గరికి పోయాను. అంతా పిల్లలే. మా వైదేహి ఈడు వాళ్లు. వైదేహి మా బిడ్డ, ఖమ్మంలోనే హాస్టల్లో ఉండి కోచింగు చదువుతోంది. అది గానీ ఇక్కడ కనబడితే ఏం చెప్పాలి అని ఒకటే దడ. నా ఒంటి మీద యూనిఫాం చీర, మెడలో ఐడీ కార్డు. మార్చుకోవడానికి చీర తెచ్చుకున్నాను గానీ ఎక్కడ మార్చుకోవాలో తెలియలేదు. గేటు దగ్గర నల్ల టీషర్టు అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "మేడమ్, ఫస్ట్ ఎయిడ్ టేబుల్ స్టేజీ పక్కన, అటు" అంది. నా చేతిలో ఫోన్ ఉంది, అందులో టికెట్ తెరిచి ఉంది. ఆ అమ్మాయికి చూపిస్తే సరిపోయేది. నేనేం చేశాను? ఫోన్ సంచిలో వేసుకుని "అట్లనా అమ్మా" అని టేబుల్ వైపు నడిచాను. పాట వినడానికి వచ్చానని చెప్పడం కంటే పని చేయడానికి వచ్చాననడమే నాకు తేలిక. నా డబ్బుతో టికెట్ కొనుక్కుని వెళ్లి అక్కడ కూడా డ్యూటీ చేశాను, చూడండి నా తెలివి!

టేబుల్ మీద ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దూది, అయోడిన్ ఉన్నాయి. మనిషి లేడు. మూడు పాటలు అయిపోయాయి. ఒకమ్మాయికి కళ్లు తిరిగితే నీళ్లు కలిపి తాగించాను, ఇంకొకడికి మోకాలు గీరుకుపోతే కడిగాను. స్టేజీ నా వీపు వెనక ఉంది. మూడేళ్లుగా కలలు కన్న మనుషులు ఇరవై అడుగుల దూరంలో ఉంటే నేను వేరే వాళ్ల పిల్లల మోకాళ్లు తుడుస్తున్నాను. అప్పుడు దేవ్లా డ్రమ్స్ వదిలి డప్పు మెడకు తగిలించుకున్నాడు. 'మూడో షిఫ్టు' డప్పుతో మొదలవుతుంది. మొదటి దెబ్బ పడింది. చేతిలో దూది ఉంది. దాన్ని టేబుల్ మీద పెట్టాను. జాగ్రత్తగానే పెట్టాను. పెట్టి, తాడు కింద నుంచి దూరి ముందుకు పోయాను.

ఆడాను. ఏం చేస్తున్నానో తెలియకుండా ఆడానంటే అబద్ధం. అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. కొప్పు ఊడింది, తెలుసు. చెంగు నడుముకు చుట్టాను, అదీ తెలుసు. నా మెడను, నా భుజాలను, నా కాళ్లను నేను పనికి తప్ప ఎప్పుడూ వాడలేదే అని కూడా అనుకున్నాను. మధ్యలో దాహమైతే సంచిలో సీసా తీసి, మూత తిప్పి, నీళ్లు తాగి, మూత గట్టిగా బిగించి, మళ్లీ వెళ్లి ఆడాను. అమ్మవారు సీసా మూత బిగిస్తుందా చెప్పండి? ఎన్నడూ లేనంత ఆనందంగా ఉంది. ఏడుపు కూడా వస్తోంది. వనజ స్టేజీ అంచుకు వచ్చి నన్ను చూసి చెయ్యి ఊపింది. నన్నే.

పాట అయిపోయాక టేబుల్ దగ్గరికి తిరిగి వచ్చాను. అక్కడ ఓఆర్ఎస్ కోసం ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్లు నన్ను చూసిన చూపుకు తల తీసేసినట్టయింది. గబగబా జుట్టు ముడేసుకుని "సారీ" అన్నాను. ఆ రాత్రి నా తోటి ఆశా వర్కర్ సరళ వాళ్లింట్లో పడుకున్నాను. తెల్లారి బస్సెక్కి ఇంటికి వచ్చాను. ఎవరికీ తెలియదులే అనుకున్నాను.

ఆదివారం సాయంత్రానికి వీడియో మా ఊరి గ్రూపులోకి వచ్చింది. ఎవరో పిల్లలు తీశారు. కింద 'ఆశా ఆంటీ అదుర్స్' అని రాసి, నవ్వు బొమ్మలు పెట్టారు. యూనిఫాం చీర, ఐడీ కార్డు, విరబోసుకున్న జుట్టు. ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. రమణ ఆటో ఆపి నేరుగా వంటింట్లోకి వచ్చి ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. "ట్రైనింగా? ఇదేనా నీ ట్రైనింగు? స్టాండ్ల అందరు చూసిండ్రు. నేను మొఖం యాడ పెట్టుకోవాలె?" అన్నాడు. పట్టపగలు నడి బజారులో చీర జారినట్టు అనిపించింది.

అప్పుడు అత్త లేచి వచ్చింది. ఫోన్ లాక్కుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఆగురా. ఆ డప్పు ఇన్నవా? జుట్టు చూడు, ఆ కండ్లు చూడు. అది ఆడుడు కాదు, శిగమూగుడు. దాని మీదికి అమ్మ వచ్చిందిరా" అంది. మా అత్త మాట ఇంట్లో చెల్లుతుంది, ఎందుకంటే ఆమెకు ఏటా ముత్యాలమ్మ కొలుపుల్లో శిగం వస్తుంది. రమణ ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆయన మొహంలో కోపం పోయి భయం వచ్చింది. "అవ్‌నా?" అని అడిగాడు. నేను తల వంచుకున్నాను. సిగ్గుతో వంచుకున్నాను. వాళ్లు అవునని అర్థం చేసుకున్నారు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

గంటలో పూజారి జంపయ్య వచ్చాడు. వేప మండ చేతికిచ్చి, ఐదు రోజుల కట్టు పెట్టాడు. గడప దాటొద్దు, ఇనుము ముట్టొద్దు, నెత్తురు ముట్టొద్దు. ఐదో రోజు శుక్రవారం వాకిట్లో పీట వేసి కూర్చోబెడతామన్నాడు. వచ్చిన వాళ్లకు నేను బండారి, అంటే అమ్మవారి పసుపు, నుదుట పెట్టాలి. నవ్వు బొమ్మలు పెట్టిన వాళ్లే గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు పెట్టడం మొదలుపెట్టారు. మా సూపర్‌వైజర్ మేడమ్ ఫోన్ చేస్తే రమణ ఎత్తి విషయం చెప్పాడు. "అయ్యో, ఐదు రోజులు జాగ్రత్తగా చూసుకోండి" అందట ఆమె. పోయినేడు నాకు డెంగీ వచ్చినప్పుడు రెండు రోజులు సెలవు అడిగితే "సర్వే ఎవరు చేస్తారమ్మా" అన్న మేడమే.

వైదేహి కూడా ఫోన్ చేసింది. "అమ్మా, నిజంగనే అమ్మవారేనా?" అంది మెల్లగా. "ఎందుకే?" అన్నాను. "నువ్వే ఆడినవ్ అనుకున్న. మా రూంల అందరు ఆ వీడియో పెట్టుకుని నవ్విండ్రు. రెండు గంటలు బాత్రూంల కూసోని ఏడ్చిన. నానమ్మ చెప్పినంక వాళ్లకు చెప్పిన. అప్పటి సంది నవ్వుడు బంద్ జేసిండ్రు." నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను. "అమ్మవారైతే ఏం కాదమ్మా" అంది నా బిడ్డ. నేను ఆడితే పరువు పోతుంది, నాలో ఇంకెవరో ఆడితే పరువు నిలబడుతుంది.

ఇప్పుడు అసలు సిగ్గుపడాల్సింది చెప్తాను. ఆ ఐదు రోజులు నాకు హాయిగా ఉంది. ఛీ అనుకుంటూనే హాయిగా ఉంది. పొద్దెక్కాక లేచేదాన్ని. వేడివేడి అన్నం నా ముందుకే వచ్చేది. పెళ్లయ్యాక మొదటిసారి పొయ్యి మీది నుంచి దించిన కూరను దించిన వెంటనే తిన్నాను. రమణ రాత్రుళ్లు మంచం దూరంగా వేసుకుని పడుకున్నాడు, దగ్గరికి రాలేదు, అడగలేదు. పడుకునే ముందు దండం పెట్టి పోయేవాడు. చుట్టుపక్కల ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి నా కాళ్ల మీద పోసేవారు. మా మేనత్త వయసు మనుషులు నా కాళ్లకు పసుపు రాస్తుంటే ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. "వద్దమ్మా" అంటే, అమ్మవారు అలిగిందనుకుని ఇంకా గట్టిగా దండం పెట్టేవారు. నా సర్వే పుస్తకం గూట్లోనే ఉంది. తండాకు ఎవరు పోతున్నారు అని ఒకటి రెండు సార్లు గుర్తొచ్చింది. మళ్లీ నిద్ర పట్టింది. పద్నాలుగేళ్ల నిద్ర బాకీ ఉన్నట్టు పడుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. అత్త చాటలో బియ్యం ఏరుతూ నా పక్కన చతికిలబడింది. తల ఎత్తకుండానే అడిగింది. "నిజం చెప్పు పిల్లా. వచ్చిందా?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "లేదత్తా" అన్నాను.

"నాకెరికే" అంది. రాయి ఒకటి ఏరి పారేసింది. "వాడు నీ మీద చెయ్యెత్తేటట్టుండె. ఇంకేం జెప్పాలె నేను?"

ఆమె కావాలనే నన్ను కాపాడిందని నాకు అప్పుడే తెలిసింది. పందొమ్మిదేళ్లు నన్ను మందులదానా అన్న మనిషి! అడిగాను. "మరి నీకు?"

"మొదటేడు నిజంగనే వచ్చింది. ఒట్టు. ఏం జరిగిందో నాకే తెల్వదు. రెండో ఏడు డప్పు కొట్టంగనే రాకపాయె. ఎదురు చూసిన, రాలే. మీ మామ సంగతి నీకెరికే కద, చెయ్యి ఊరుకునేది కాదు. శిగం వచ్చిన ఐదు దినాలు మాత్రం నా దిక్కు చూడకపోయేటోడు. ఇగ నేనే పోయిన అమ్మ కాడికి. ఆమె రాకుంటే నేను పోవద్దా?" చాట ఒకసారి చెరిగింది. "ఏడాదికి ఐదు దినాలు బిడ్డా. ముప్పై ఏండ్లు వాటి మీదనే బతికిన. నీక్కూడ దొరికినయ్. సప్పుడు జెయ్యకు. నోటికాడి కూడు తన్నుకోకు."

నాకు ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది. అంతకంటే ఎక్కువగా అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. నేను ఊఁ అన్నాను. ఊఁ అనడమంటే ఒప్పుకోవడమే. ఇక ఏటా ఐదు రోజులు నాకూ ఉంటాయి అని లెక్క కూడా వేసుకున్నాను మనసులో. అంత దిగజారాను.

శుక్రవారం పొద్దున వాకిలి అలికి, పీట వేసి, నాకు తలంటుపోసి కూర్చోబెట్టారు. పక్కన జంపయ్య, పళ్లెంలో పసుపు. వాకిలంతా జనం. మొదట వచ్చింది తండా సక్రి. చంకలో నాలుగేళ్ల కూతురు గోరి. నా చేతుల మీదుగా పుట్టిన పిల్ల అది, నడి వానలో. సక్రి పిల్లను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోంది. కళ్లు తేలేసి ఉంది, మెడ నిలబడటం లేదు. "ఎప్పటి సంది?" అన్నాను.

"మంగళారం సంది ఆశక్కా. చలి పెడ్తది, వణుకుతది, మళ్ల కాల్తది."

"మంగళవారం నుంచా? మరి నాకెందుకు చెప్పలేదు?"

సక్రి నా వైపు వింతగా చూసింది. "వచ్చిన గద. మంగళారమే వచ్చిన. అమ్మవారు పండుకున్నది, ఐదో దినం రమ్మని మీ ఇంట్ల చెప్పిండ్రు. అందుకే దవాఖానకు గూడ తీస్కపోలే. నీ బండారి కోసం ఆగిన."

మంగళవారం. అది నేను వేడి అన్నం తిని మధ్యాహ్నం దాకా పడుకున్న రోజు. బయట సక్రి గొంతు విన్నట్టే అనిపించి, అటు తిరిగి పడుకున్నాను. అన్ని సిగ్గులూ చూశాను అనుకున్నాను గానీ, ఇంత సిగ్గు ఉంటుందని నాకు తెలియదు. ఆడినందుకు పడ్డ సిగ్గు దీని ముందు దూదిపింజ.

"నా సంచి తెండి. మలేరియా కిట్టు ఉంది అందులో" అన్నాను లేవబోతూ.

జంపయ్య అడ్డం వచ్చాడు. "తల్లీ, కట్టు ఉంది. సూది, నెత్తురు ముట్టొద్దు. ఇయ్యాల సూర్యుడు దిగే దాంక ఆగు."

సక్రి కూడా భయపడి పిల్లను లాక్కుంది. "వద్దక్కా. అమ్మవారు నెత్తురు తీస్తే పిల్ల దక్కదంటరు. బొట్టు పెట్టు చాలు." చేతులు జోడించింది. ఆమె కళ్లలో ఉన్న నమ్మకం చూస్తే నాకు చచ్చిపోవాలనిపించింది. పద్నాలుగేళ్లు గుట్టలెక్కి దిగి చెప్పిన మాటకు అంత నమ్మకం ఎప్పుడూ దొరకలేదు.

రమణ నా చెవి దగ్గర వంగాడు. మనిషి మంచివాడే, తెలివిగలవాడే. "ఎందుకు లొల్లి? అమ్మవారి లెక్కనే చెప్పు, దవాఖానకు పో అని. వింటది. నేను ఆటోల తీస్కపోత" అన్నాడు.

నిజమే, వింటుంది. ఒక్క క్షణం నోరు తెరిచాను కూడా, ఆ పెద్ద గొంతు తెచ్చుకుని. ఈ రోజుకు వింటుంది. మళ్లీ జ్వరం వస్తే? మళ్లీ ఈ పీట దగ్గరికే వస్తుంది. నేను తలంటుకుని కూర్చునే దాకా ఆగుతుంది. ఆమెను చూసి తండాలో ఇంకో పది మంది ఆగుతారు. నా ఐదు రోజుల సుఖానికి వాళ్ల పిల్లల జ్వరాలు కాపలా ఉంటాయి. అత్త వైపు చూశాను. గుమ్మంలో నిలబడి తల అడ్డంగా ఊపుతోంది. వద్దు బిడ్డా, వద్దు అంటోంది. ఆమె కథ ఆమెది, దాన్ని నేను బయట పెట్టను. నాది మాత్రం నేను చెప్పాలి.

"సక్రీ, నా మీదికి ఎవరూ రాలే" అన్నాను.

నా గొంతు నాకే వింతగా వినబడింది. "ఖమ్మంల ఆడింది నేనే. రెండు దినాల ట్రైనింగని ఇంట్ల అబద్ధం చెప్పిన. ఆ పాటంటే నాకిష్టం. టికెట్ కొనుక్కుని పోయిన, నాకు ఆడాలనిపించింది, ఆడిన. ఐదు దినాలు మీరందరు కాళ్లు మొక్కుతుంటే నోరు మూసుకుని కూసున్న. మంగళారం నువ్వొచ్చినప్పుడు నిద్ర నటించిన. తప్పు నాది. పిల్లనియ్యి."

ఎవరో ఆడమనిషి "థూ" అని ఉమ్మింది. జంపయ్య పళ్లెం తీసుకుని లేచాడు. "నలభై ఏండ్లొచ్చినయ్, బుద్ధి రాలే" అన్నారు వెనక నుంచి ఎవరో. రమణ మొహం నల్లగా మాడిపోయింది. అందరి ముందు అడిగాడు, "అయితే ఆదివారం ఎందుకు చెప్పలే?" కోపంగా కాదు, దెబ్బ తిన్న మనిషిలా అడిగాడు. "చెప్తే నువ్వు టీ ఇయ్యవు గద" అన్నాను. అంత మంది ముందు అలా అనాలని అనుకోలేదు. నోరు జారింది. కానీ నిజమే జారింది.

అత్త లోపలికి పోయింది. ఇక తలుపేసుకుంటుందనుకున్నాను. సంచి తెచ్చి నా ముందు పడేసింది. "ఇల్లు ముంచినవ్ కదే" అంది, పళ్లు కొరుకుతూ. నేను సంచి విప్పి కిట్టు తీశాను.

సక్రి ఇంకా పిల్లను ఇవ్వలేదు. నా మొహంలోకే చూస్తోంది, నేను ఏ మనిషినో గుర్తు పట్టడానికి. నేను నుదుటి మీది బండారి చెంగుతో తుడుచుకున్నాను. అప్పుడు ఇచ్చింది. గోరి వేలికి సూది గుచ్చితే పిల్ల ఏడవను కూడా లేదు. కిట్టులో రెండో గీత ఎర్రగా తేలింది. మలేరియా. "లెవ్వు, దవాఖానకు" అన్నాను. రమణ వెళ్లి ఆటో స్టార్ట్ చేశాడు. ఎందుకు చేశాడో అడగలేదు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. దండం పెట్టి కాదు, ముట్టుకుంటే అంటుతుందన్నట్టు జరిగారు. ఆ దారిలో తల వంచుకుని నడిచాను. ఇక వైదేహికి ఫోన్ చేయాలి. బాత్రూంలో కూర్చుని మళ్లీ ఏడుస్తుందేమో నా బిడ్డ.

దారంతా పిల్లను ఒళ్లో పెట్టుకుని తడి గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను. జ్వరం కొంచెం దిగినట్టుంది, గోరి కళ్లు తెరిచి నీళ్లడిగింది. సీసా మూత తీసి తాగించాను. సక్రి అదంతా చూసి, ముందు కూర్చున్న రమణకు వినబడకూడదన్నట్టు నా వైపు వంగింది. ఆటో మోతలో గట్టిగానే అనాల్సి వచ్చింది.

"ఆశక్కా, అయితే... మన మీదికి ఎవరు రాకున్నా అట్ల ఆడొచ్చా?"

ముందు సీట్లో రమణ మెడ బిగుసుకోవడం నాకు కనిపించింది. సిగ్గుతో నా చెవులు ఇంకా మండుతూనే ఉన్నాయి.

"ఆడొచ్చు" అన్నాను.